పదమూడొందల ఎనభై

వెళ్లిపోయింది లోపలికి. ఒక్కసారి వెనక్కి తిరుగుతుందేమోనని చెయ్యి సగం ఎత్తి ఉంచాను గానీ తలుపు దగ్గర ఎవరో గుర్తింపు కార్డు అడిగారు, అది వెతుక్కుంటూ, లాప్‌టాప్‌ని పొట్టకి ఆనించి పట్టుకుని, అలాగే వెళ్లిపోయింది మా కొరీన్. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలీక అద్దం సర్దాను, సర్దాల్సిన అవసరమేమీ లేకపోయినా. అద్దంలో నా మొహమే కనిపించింది, చీకట్లో అడవి దారంతా కారు నడిపిన మొహం, మళ్లీ చూడబుద్ధి కాలేదు. ఇక నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇంతకుముందు మాత్రం ఏం ఊడబొడిచానని, కారు నడిపాను, ఫ్లాస్కులో కాఫీ పోశాను, ప్లోయ్ అట్లు చుట్టి ఫాయిల్ కాగితంలో పెట్టాను, హూల్టన్ దగ్గర పెద్ద దుప్పి రోడ్డుకి అడ్డమొస్తే బ్రేకు వేశాను, అంతే కదా. అసలు కాలేజీ సీటు కోసం రాసే ఈ పరీక్ష మా ఊళ్లోనే రాయొచ్చు, మే నెలలో అక్కడే రాసింది, కానీ ఇప్పుడు మా బడికి తాళం. దుంపలు తవ్వే సెలవులు. మా అమ్మ చిన్నప్పుడూ ఉన్నాయి, నా చిన్నప్పుడూ ఉన్నాయి, బంగాళాదుంపలు నేలలో ఉన్నంతకాలం పిల్లలు బళ్లో ఉండరు, మంచు పడేలోపు పైకి రావాలి కాబట్టి. పరీక్ష పెట్టేవాళ్లకి ఈ సంగతి తెలీదు, తెలిసినా పట్టదు, అక్టోబరులో మొదటి శనివారం అంటే మొదటి శనివారమే. అందుకని మేం బాంగోర్ రావాలి. పైగా నిన్న వాన లేదు, ఇవాళా లేదు, తవ్వడానికి ఇంతకంటే మంచి రోజు ఉండదు, పొలం యజమాని లగాసీ ముసలాయన నాకూ నా కూతురికీ ఒకేరోజు సెలవిచ్చేటప్పుడు ముఖం ఎలా పెట్టాడో, కన్ను పీకి ఇమ్మన్నట్టు.

గంట ముందే వచ్చేశాం. మా ఇల్లు నదికి ఎంత దగ్గరంటే అవతలి ఒడ్డు కెనడా, వాళ్ల టవరు మా ఫోన్లని అప్పుడప్పుడూ లాగేసుకుంటుంది, అప్పుడు గడియారం ఒక గంట ముందుకి దూకుతుంది. పెళ్లికి పిలిస్తే ‘మన టైమా, వాళ్ల టైమా’ అని అడిగి మరీ వెళ్లే ఊరు మాది. అయినా రాత్రి కంగారులో నేను చూసుకోలేదు, అలారం వాళ్ల టైముకి మోగింది. పాపం లేచింది, ఒక్క మాట అనలేదు, వచ్చాక చూసుకుని “అమ్మా, నువ్వు కూడా వాళ్ల మనిషివి అయిపోయావా” అని నవ్వి, సీటు వెనక్కి వాల్చి పడుకుంది. ఈ పక్క సీట్లోనే. ఆ గంటసేపూ దాని చేతులే చూస్తూ కూర్చున్నాను. రెండు వారాల నుంచి దుంపలు తవ్వే హార్వెస్టర్ బెల్టు మీద రాళ్లు ఏరుతున్న చేతులు, గోళ్లలో మట్టి, నిన్న రాత్రి బ్రష్షుతో రుద్దినా వదల్లేదు. ఈ చేతులు చూసి లోపల పిల్లలు ఏమనుకుంటారో అనిపించింది, వెంటనే నా మీద నాకే కోపమొచ్చింది, ఏమనుకుంటే ఏం, నా చేతులూ అవే కదా, మా అమ్మవీ అవే కదా. కానీ అనిపించడం మాత్రం అనిపించింది. నిద్రలో పెదాలు కదిలిస్తుంది చిన్నప్పట్నుంచీ. ఏం గొణుగుతుందో, లెక్కలో, మాటలో. లెక్కలైతే ఫర్లేదు. లెక్కల్లో ఎనిమిదొందలకి ఏడొందల నలభై వచ్చింది దానికి. మాటల దగ్గరే, ఆ ఇంగ్లీషు దగ్గరే వచ్చింది చిక్కంతా.

పదమూడొందల ఎనభై. పదహారొందలకి. జూన్‌లో వచ్చింది ఆ నంబరు, వచ్చిన రోజు కొరీన్ ఫోన్ నా ముందు పెట్టి “ఎలా ఉంది?” అని అడిగింది, నేను “ఫర్లేదు” అన్నాను. మా వ్యాలీలో ఫర్లేదు అంటే పెద్ద మాటే, మా వాళ్లు పెళ్లికూతురిని చూసి ఫర్లేదంటారు, ఇరవై ఏళ్లకోసారి పండే పంట చూసి ఫర్లేదంటారు, అంతకంటే ఎక్కువ అంటే దిష్టి అనో పొగరు అనో అనుకుంటారు. మర్నాడు ప్రిన్సిపాల్ మైకులో చదివాడట ఆ నంబరు. బళ్లో అందరి సగటూ తొమ్మిదొందల చిల్లర, ఎన్నో ఏళ్లుగా పదమూడొందలు దాటినవాళ్లు లేరట. కిరాణా కొట్లో జెర్మేన్ నాకు చిల్లర ఇస్తూ “మీ పిల్ల దేశాన్ని ఏలుతుందట కదే” అంది. చర్చి మెట్ల మీద ఫాదర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. మా అత్తగారు, కొరీన్ మెమే అని పిలిచే నాయనమ్మ, సెయింట్ ఆన్‌కి కొవ్వొత్తి వెలిగించి వచ్చి, “ఎనభై దేనికే, ఇంకో ఇరవై వేస్తే పద్నాలుగొందలు అయిపోయేది కదా, వాళ్ల సొమ్మేం పోయింది” అంది. నవ్వుకున్నాం. ఆ వేసవంతా నేను ఆ నంబరుని ఒంటి మీద కొత్త కోటులా వేసుకు తిరిగాను, బయటికి ఫర్లేదు ఫర్లేదు అంటూనే.

తర్వాత ఆగస్టులో ఒకరోజు అది పనికి వెళ్లినప్పుడు నేను కొరీన్ చేరాలనుకుంటున్న కాలేజీ పేజీ తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. మాసాచుసెట్స్‌లో ఉంది అది, చిన్నది, రాళ్ల భవనాలు, సీటు ఇస్తే మేం కట్టలేని ఖర్చంతా వాళ్లే పెట్టుకుంటారట, మాలాంటి వాళ్లు అక్కడికి వెళ్లాలంటే అదొక్కటే దారి, మిగతా కాలేజీల ఖర్చుకి మేం చాలం. భూమి లోపల నీళ్లు ఎటు పోతాయో చదువుతుందట, కొరీన్‌కి ఎప్పట్నుంచో అదే పిచ్చి, చిన్నప్పుడు పొలంలో గుంట తీసి కూర్చుని నీళ్లు ఇంకిపోవడం చూసేది. ఆ పేజీలో కింద, చిన్న అక్షరాల్లో, ‘చేరినవారిలో నడిమి సగం మంది స్కోర్లు’ అని రాసి, పద్నాలుగొందల డెబ్భై నుంచి పదిహేనొందల యాభై. మళ్లీ చదివాను. నడిమి సగం అంటే ఏమిటో కాసేపు అర్థం కాలేదు. కింది పావు మంది డెబ్భై కంటే కింద ఉన్నట్టే కదా, ఉన్నారు కదా, ఉండితీరాలి కదా, కానీ ఎంత కింద? తొంభై కిందా? అది చెప్పలేదు ఎక్కడా. నేను ఆ కొత్త కోటు విప్పి దాచేశాను, కొరీన్‌కి చెప్పలేదు, అది నాకంటే ముందే చూసి ఉంటుంది, అది నాకు చెప్పలేదు. ఒకే నంబరు, మా ఊళ్లో మైకులో చదివేంత పెద్దది, ఆ పేజీలో కనబడనంత చిన్నది. దుంప అయితే నేను చెప్పగలను, శీతాకాలం షెడ్డులో ఏరేటప్పుడు చేతిలోకి తీసుకోకుండానే చెబుతాను, ఇది బజారుకి, ఇది విత్తనానికి, ఇది పిండికి అని. కూతురి విషయానికొస్తే గుడ్లప్పగించి చూస్తున్నాను.

అన్నిటికంటే నన్ను చంపింది ఆ పేజీలో పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మాట, స్కోరు పంపడం పంపకపోవడం మీ ఇష్టం. మీ ఇష్టం! ఎవరింటికైనా వెళ్తే, కాఫీ తాగుతారా మీ ఇష్టం అన్నారనుకో, తాగాలా వద్దా, వాళ్ల ముఖం చూస్తే తెలిసిపోతుంది. వీళ్ల ముఖం ఎక్కడుంది చూడ్డానికి. సెప్టెంబరులో ఒకమ్మాయి వచ్చింది ఆ కాలేజీ నుంచి, మా బడికి ఎవరూ రారు, దారి తప్పి వచ్చిందేమో అని రేనో వెక్కిరించాడు, రేనో అంటే మా ఆయన, దుంపల లారీ తోలతాడు. ఇరవై మూడు ఇరవై నాలుగు ఉంటాయి ఆ అమ్మాయికి, మంచి పిల్లే, మా కుర్చీల్లో కూర్చుని మా కాఫీ తాగింది. నేను చెయ్యెత్తి అడిగాను, పంపాలా వద్దా అని. “ఆ స్కోరు మీరేమిటో చూపిస్తోందని మీకు అనిపిస్తే పంపండి, మేం ప్రతి విద్యార్థినీ వాళ్ల బడిని బట్టి చూస్తాం” అంది నవ్వుతూ. బడిని బట్టి అంటే, మా బడి చిన్నది కాబట్టి మా పిల్ల పెద్దగా కనిపిస్తుందనా, మా బడి చిన్నది కాబట్టి మా పిల్లా చిన్నదే అనుకుంటారనా? అది అడగలేదు నేను. టెరియో గారిని అడిగాను తర్వాత, పిల్లలకి కాలేజీల సంగతి చెప్పేది ఆయనే, బాస్కెట్‌బాల్ నేర్పేదీ ఆయనే, మధ్యాహ్నం బస్సు ఎక్కించేదీ ఆయనే. ఆయన నిజాయితీపరుడు. “రెనెల్, నా చేతి మీదుగా ఆ కాలేజీకి ఒక్క పిల్లా వెళ్లలేదు. నేను పంపమనే అంటాను. కానీ ఎందుకంటే చెప్పలేను. నా మాట పట్టుకుని తర్వాత నన్ను తిట్టుకోవద్దు” అన్నాడు. రేనో అయితే అడక్కుండానే చెప్పాడు. “అది తెలివైన పిల్ల. వాళ్లకి కనబడకపోతే వాళ్ల కళ్లు పోయాయి.” చెప్పి లారీ ఎక్కి వెళ్లిపోయాడు. లారీ ఎక్కి వెళ్లిపోయేవాళ్లకి ఎప్పుడూ అన్నీ తేలికే.

కిటికీ మీద ఎవరో తట్టారు. పక్క కారాయన, చేతిలో రెండు కాఫీలు, ఒకటి నాకట. పిల్లాడి కోసం కొన్నాడట, వాడు వద్దన్నాడట. దిగాను, కూర్చుని కూర్చుని కాళ్లు పట్టేశాయి. పేరు స్టూవర్ట్ అన్నాడు, కింద సముద్రం ఒడ్డున ఊరు, దగ్గర్లో పరీక్షకి చోటు దొరక్క ఇంత పైకి వచ్చారట. నాకది నవ్వొచ్చింది, మాకు బాంగోర్ కిందకి, ఆయనకి పైకి.

“మీరెక్కడి నుంచి?”

“వ్యాలీ నుంచి. నది దగ్గర.”

“అమ్మో, అంత దూరమా! ఎన్నింటికి బయల్దేరారు?”

“అది మాత్రం అడక్కండి. మీ వాడు మొదటిసారా?”

“నాలుగోసారి. ఇక వాడి పేరు చెక్కి ఒక బల్ల ఇచ్చేస్తారేమో లోపల.”

నవ్వాడు, నేనూ నవ్వాను. పదిహేనొందల పది వచ్చిందట పోయినసారి. పదిహేనొందల పది! నా కాఫీ ఒలికింది. అంతొస్తే మళ్లీ ఎందుకండీ ఇక్కడికి రావడం అన్నాను. వాళ్ల బళ్లో పదిహేనొందల పది అంటే ఎవరూ తలెత్తి చూడరట, క్లాసులో సగం మందికి వస్తుందట, వాళ్లలో మళ్లీ ఇంకా ఎక్కువ వచ్చినవాళ్లనే తీసుకుంటారట, ఆ పిల్లాడికి వారానికి రెండుసార్లు ఒకావిడ వచ్చి నేర్పుతుంది, కాలేజీల సంగతి చూడ్డానికి ఇంకొకావిడ. ఇద్దరావిడలు. చెబుతుంటే ఆయన కళ్ల కింద నల్లగా ఉంది, నాకేం అసూయ కలగలేదు, కలుగుతుందనుకున్నాను, కలగలేదు. “అడక్కూడదు గానీ, మీ అమ్మాయికి?” అన్నాడు. చెప్పాను. చెప్పేశాను, అంతమందికి ఫర్లేదు ఫర్లేదు అని దాటేసినదాన్ని, పేరు తప్ప ఏమీ తెలీని మనిషికి కారు పార్కింగులో నిలబడి కాలేజీ పేరుతో సహా చెప్పేశాను. ఆయన కాఫీ కప్పు మూత ఒకసారి తీసి మళ్లీ పెట్టాడు. ఆ మూత తీసి పెట్టిన కాసేపట్లోనే నాకు అర్థమైపోయింది.

“మంచి స్కోరే” అన్నాడు తర్వాత. “కానీ... నేనైతే పంపను. ఖాళీగా వదిలేస్తే వాళ్లు మంచిదేదో ఊహించుకుంటారు. నంబరు పెట్టాక ఊహించుకోడానికి ఏముంటుంది?”

“మరి దాచింది కాబట్టి తక్కువే వచ్చి ఉంటుందని అనుకోరా?”

ఆయన మెడ గోక్కున్నాడు. “అనుకోవచ్చు. మేం పెట్టుకున్నావిడని అదే అడిగాను. పరిస్థితిని బట్టి అంది.”

“ఆ మాటకి డబ్బు కూడా తీసుకుందా?”

“బాగా తీసుకుంది” అన్నాడు, ఈసారి నిజంగా నవ్వాడు. తర్వాత, మీ ఊరి పిల్లల్ని వాళ్లు ఎలా చూస్తారో నాకు తెలీదు, నా మాట పట్టించుకోకండి అన్నాడు. ఆపైన బడి తలుపు వైపు చూస్తూ, “మీ అమ్మాయి మీతో మాట్లాడుతుందా?” అని అడిగాడు. మాట్లాడుతుందండీ, నిద్రపోనప్పుడు, అన్నాను. తలాడించాడు. “మావాడు దారంతా చెవుల్లో పెట్టుకున్నవి తియ్యలేదు. కాఫీ వద్దు అన్నాడు, అదొక్కటే మాట.” వెళ్లి తన కారులో కూర్చున్నాడు, మంచి కారు, ఇంజను ఆడుతుంటే చప్పుడే లేదు, లోపల ఆయన తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

దాచేవాళ్లు దాస్తూ పోతే ఆ పేజీలో నంబరు ఏటేటా పెరగక ఏమవుతుంది. ఇప్పుడు తెలిసింది. మా చర్చి విందు కూడా అలాగే. ఆడవాళ్లం అందరం ఇంటి నుంచి ‘పై’ చేసి తెస్తాం, పిండి పొరలో మాంసం కూరి కాల్చేది, పిండి సరిగ్గా పొంగనిదో అంచు మాడిందో అయితే అది కారులోనే ఉండిపోతుంది, బల్ల మీదకి రాదు. బల్ల మీద ఉన్నవి చూసి తర్వాతి ఏడు కాస్త బాగా వచ్చిన పైలు కూడా కారులోనే ఉండిపోతాయి. ఒక ఏడాది నేను మా తోటికోడలితో అన్నాను, ఇలాగే పోతే ఒక్క పై మాత్రమే వస్తుందే బల్ల మీదకి, అది ఫాదర్ ఒక్కడే తినాలి అని. నవ్వాం ఇద్దరం, నవ్వి ఎవరి పై వాళ్లు కారులోనే ఉంచుకున్నాం. అది తప్పని తెలిసీ ఉంచుకున్నాం. మరి నా కూతురి నంబరుని ముందు బల్ల మీద పెట్టమని ఏ ధైర్యంతో చెప్పను? ఇక్కడ తప్పితే పోయేది విందు కాదు, దాని బతుకు. టెరియో గారిది మంచితనం, రేనోది ప్రేమ, ఈయనది మాత్రం ఎంతో కొంత తెలిసినతనం. తెలిసినవాళ్ల మాట వినాలి. వాళ్లకీ తెలీదని వాళ్లే చెబుతుంటే?

మాటల్లో, అంటే ఇంగ్లీషులో, ఆరొందల నలభై. అక్కడ పోయింది. మా ఇంట్లో ఒక వాక్యం ఇంగ్లీషులో మొదలై ఫ్రెంచిలో పూర్తవుతుంది, మధ్యలో రేనో తిట్టు ఒకటి పడుతుంది, ఆ తిట్టు ఏ భాషో దేవుడికే తెలియాలి. మెమే చిన్నప్పుడు బళ్లో ఫ్రెంచి మాట్లాడిందని టీచరు సాయంత్రం దాకా నిలబెట్టి బోర్డు మీద రాయించిందట, బడి ఆవరణలో ఫ్రెంచి మాట్లాడను, మాట్లాడను అని. మెమే అది చెప్పేటప్పుడు నవ్వుతుంది, ఆ రాసిన ఇంగ్లీషులోనూ తప్పులున్నాయట, మళ్లీ రాయించిందట. మెమే తన పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడాలని ఒట్టు పెట్టుకుంది, నిలబెట్టుకోలేకపోయింది. నేను కూడా కొరీన్ కడుపులో ఉన్నప్పుడు అనుకున్నాను, శుభ్రంగా ఒక్క భాషే నేర్పాలి దీనికి అని. పుట్టగానే దాన్ని చేతుల్లోకి తీసుకుంటే నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఫ్రెంచే. ఏం చేయను, వచ్చింది. ఆ కాలేజీలో కూర్చున్న వాళ్లకి ఆరొందల నలభై కనబడుతుంది, ఇది కనబడుతుందా? దరఖాస్తులో వ్యాసం రాసింది కదా, అందులో మా గురించి రాసిందేమో, నాకు చూపించలేదు, అడిగితే “అయ్యాక చదువుదువులే” అంది. ఇవాళ ఎంతొస్తుందో. ఇవాళ పద్నాలుగొందల యాభై వచ్చిందనుకో. అప్పుడైనా ఇరవై తక్కువే. డెబ్భై వస్తే సరిగ్గా గుమ్మం దగ్గర. రాకపోతే? నిన్న చీకటి పడేదాకా బెల్టు దగ్గర నిలబడ్డ పిల్లకి, తెల్లారకుండానే లేపిన పిల్లకి, గంట నిద్ర నా తెలివితక్కువ వల్ల పోగొట్టుకున్న పిల్లకి ఎక్కువెందుకు వస్తుంది, నేనెంత పిచ్చిదాన్ని. ఆ ఇద్దరావిడల పిల్లాడు దాని పక్క బల్లలోనే కూర్చున్నాడేమో. ఇద్దరికీ ఒకే ప్రశ్నలట. ఒకే ప్రశ్నలు కాబట్టి న్యాయమట.

చెప్పేస్తాను. బయటికి రాగానే కాదు, కాస్త తిన్నాక. తల్లీ, పాతది పంపొద్దు, ఖాళీగా వదిలేద్దాం, ఇవాళ్టిది బాగా వస్తే అది పంపుదాం, గడువు నవంబరు మొదట్లో కదా, ఉంది ఇంకా. అనడానికి ఎంత తేలిగ్గా ఉంది. అన్నాక దాని ముఖం ఎలా ఉంటుందో తెలుసు నాకు. జూన్‌లో ఫోన్ నా ముందు పెట్టి ఎలా ఉంది అన్నప్పటి ముఖం. పంపొద్దు అంటే, నువ్వు చాలవు అని నేనే చెప్పినట్టు, వాళ్లకంటే ముందు నేనే చెప్పినట్టు. వాళ్లు చెబితే పరాయివాళ్లు, ఏడ్చి ఊరుకుంటుంది. పంపు అంటే, పంపాక రాకపోతే, జన్మంతా నేను ఆ మూత తీసి పెట్టిన కప్పు గుర్తు చేసుకుంటూ ఉంటాను. ఇటూ కాదు అటూ కాదు. ప్రార్థన చేద్దామా అంటే దేనికని చెయ్యాలో కూడా తెలియట్లేదు, ఎక్కువ రావాలనా, వచ్చిందే సరిపోవాలనా.

తలుపులు తెరుచుకున్నాయి. వస్తున్నారు ఒక్కొక్కరే, కళ్లు చిట్లించుకుంటూ, ఎండ కొత్తగా ఉన్నట్టు. ఒక పొడుగు పిల్లాడు చెవుల్లో పెట్టుకుంటూ చప్పుడు లేని కారు వైపు నడిచాడు, స్టూవర్ట్ దిగి ఎదురెళ్లాడు, పిల్లాడు ఆగకుండా వెళ్లి కూర్చున్నాడు. వెనకాల కొరీన్, చేతిలో బ్యాగు, జుట్టు ముడి ఊడిపోయింది. వచ్చి కూర్చుంది. ఎలా రాశావని అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి అడగలేదు, ప్లోయ్ చేతికిచ్చాను, చల్లారిపోయినా సరే లోపల పంది మాంసం ముద్ద పెట్టి చుట్టినది, రెండు గాట్లలో సగం మింగేసింది. నేను తాళం తిప్పబోయి ఆగాను.

“కొరీన్. ఆ పాత స్కోరు... పంపొద్దనుకుంటున్నానే.”

నములుతూ నా వైపు చూసింది. మింగింది. “పంపేశానమ్మా.”

“ఏంటి?”

“దరఖాస్తు మొత్తం పంపేశాను. మంగళవారం. హార్వెస్టర్ గొలుసు తెగి ఆగిపోయింది కదా, నువ్వు లగాసీ గారితో వెళ్లావు, అప్పుడు ఫోన్లో. స్కోరు పెట్టే పంపాను.”

“నన్ను అడక్కుండానా?”

“అడిగితే నీకు నిద్ర పట్టదు.”

“టెరియో గారిని?”

“ఆయనకీ పట్టదు.” వేళ్లు ఫాయిల్‌కి తుడుచుకుంది. “నాకొచ్చింది అదేగా అమ్మా. నా పేరు రాశాను, మన ఊరు రాశాను, ఏం పని చేస్తానో రాశాను. అదొక్కటీ దాచేస్తే, మిగతావి కూడా దాచాల్సినవేమో అనిపించింది. అందుకని పెట్టేశాను.”

పంపేసింది వెనక్కి రాదు. నోటిదాకా వచ్చిన మాటలన్నీ అక్కడే నిలబడి ఉన్నాయి, ఖాళీగా వదిలేద్దాం తల్లీ, గడువుంది తల్లీ, వాటిని ఎక్కడ పెట్టాలో తెలీలేదు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. దాని వెనకే భయం. దాని వెనక ఇంకేదో వచ్చింది, దానికి మా వ్యాలీలో మాట లేదు, ఫర్లేదు కంటే చాలా పెద్దది.

“మరి ఇవాళ దేనికి రాశావే? ఇంత దూరం, ఇంత చీకట్లో, నిద్ర లేకుండా?”

బయటికి చూసింది, స్టూవర్ట్ కారు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోతోంది.

“నువ్వు జూన్ నుంచీ ఏదో ఒకటి చెయ్యాలని తిరుగుతున్నావు కదమ్మా” అంది. “నీకు చెయ్యడానికి ఏమీ లేదు. బాంగోర్ తీసుకెళ్తానన్నప్పుడు ఎంత సంబరంగా ఉన్నావో. కాదనబుద్ధి కాలేదు.”

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోడానికి ప్రయత్నించలేదు కూడా. కొరీన్ కంగారుపడి నా భుజం మీద చెయ్యి వేసి, ఊరుకో అమ్మా, ఇవాళ బానే రాశాను, బాగా వస్తే అదీ పంపుదాంలే అంటోంది, నన్ను ఓదార్చడానికి అంటోందని తెలుస్తూనే ఉంది. నేను ముఖం తుడుచుకున్నాను. పార్కింగులో కార్లు ఖాళీ అవుతున్నాయి. అప్పుడు, ఇన్నాళ్లూ ఎవరినీ అడగని పిల్ల, మంగళవారం ఒక్కతే అంత పని చేసేసిన పిల్ల, ఫాయిల్ కాగితాన్ని చిన్న ఉండలా నలుపుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

“సరిపోతుందంటావా అమ్మా? ఆ పదమూడొందల ఎనభై?”

గొంతు చాలా చిన్నగా ఉంది. చాలు అనొచ్చు. తల్లులంతా అంటారు. నా కూతురు నాకు ఇవాళ పొద్దున్నంతా ఒక పని ఇచ్చింది, దానికి బదులుగా నేను ఒక్క మాట ఇవ్వలేనా. నోరు తెరిచాను.

“తెలీదే, తల్లీ” అన్నాను. “నిజంగా తెలీదు.”

కొరీన్ తలాడించింది. దాని భుజాలు కాస్త దిగాయి, మోస్తున్నదాంట్లో సగం నేను అందుకున్నట్టు.

“నాకూ తెలీదు” అంది, రెండో ప్లోయ్ విప్పి సగం తుంచి నా చేతిలో పెట్టింది.